చిన్న కేసులో మొదటిసారి ఇరుక్కుంటే: రాజీయా, ప్రొబేషనా, ఫైన్ కట్టి బయటపడటమా?

"ఒప్పేసుకో బాబూ, ఫైన్ కట్టేసి మధ్యాహ్నానికల్లా ఇంటికి పోతావు."

మేజిస్ట్రేటు కోర్టు వరండాలో పొద్దున పదిన్నరకి నిలబడితే ఈ మాట ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి చెబుతూనే ఉంటారు. చెప్పేది కోర్టు డ్యూటీ కానిస్టేబులు కావచ్చు, మేనమామ కావచ్చు, ఒక్కోసారి ప్లీడరు గారే కావచ్చు. చెడు ఉద్దేశంతో చెప్పరు. అయితే ఒప్పుకుని వంద రూపాయలు కట్టినా పదివేలు కట్టినా కాగితం మీద పడే మాట ఒక్కటే: దోషి. ఆ పూట అది పెద్దగా కనిపించదు. నాలుగేళ్ల తర్వాత కానిస్టేబుల్ ఉద్యోగానికి సెలెక్ట్ అయి అటెస్టేషన్ ఫారం నింపేటప్పుడు కనిపిస్తుంది.

చిన్న నేరంలో మొదటిసారి పట్టుబడినవాళ్లను జైలుకి పంపకుండా సరిచేసే ఏర్పాట్లను చాలా దేశాల్లో డైవర్షన్ ప్రోగ్రాములంటారు. మన దగ్గర ఆ పేరుతో ఒకే పథకం లేదు. దారులు మాత్రం అరడజను ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో చట్టంలో. ఏ దారికి ఎవరు అర్హులో, చివర్లో ఏం మిగులుతుందో తెలియక చేతికి మొదట దొరికినదాన్నే పట్టుకుంటున్నారు. నా లెక్కలో కేసు ఎంత త్వరగా తెమిలింది అనేదానికన్నా కాగితం మీద ఏం మిగిలింది అనేదే ముందు చూడాలి. దీనికి మినహాయింపులూ ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

ఇక్కడ చెప్పేది చిన్న కొట్లాటలు, తిట్లు, బెదిరింపులు, చిన్నపాటి దొంగతనం, తాగి బండి నడపడం, గంజాయి తాగుతూ దొరకడం లాంటి కేసుల గురించి. పోక్సో, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం లాంటివి ఈ చర్చకు బయట. 2024 జూలై 1 తర్వాత జరిగిన నేరాలకు ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. సీఆర్‌పీసీ స్థానంలోకి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. కింద బీఎన్ఎస్, బీఎన్ఎస్ఎస్ అంటే అవే.

## ఏమేం చూసి ఎంచుకోవాలి

మొదటిది తీర్పులో చివరి మాట. అది నాలుగు రకాలుగా ఉండొచ్చు. అసలు ప్రాసిక్యూషనే ఉండకపోవడం, నిర్దోషి అని విడుదల చేయడం, దోషి అని తేల్చి శిక్ష వేయకుండా వదలడం, దోషి అని శిక్ష వేయడం. మూడోదీ నాలుగోదీ ఇంటికి వచ్చేటప్పుడు ఒకేలా అనిపించవు కానీ, ఫారంలో "మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా, దోషిగా తేలారా" అన్న గడి దగ్గర పక్కపక్కనే ఉంటాయి.

రెండోది ఎవరి చేతిలో ఉంది అన్నది. రాజీకి ఫిర్యాదుదారు ఒప్పుకోవాలి. ప్రొబేషన్‌కి, అంటే దోషి అని తేల్చినా శిక్ష వేయకుండా మందలించో, సత్ప్రవర్తన బాండు మీదో వదలడానికి, ఆయన ఒప్పుకోనక్కర్లేదు, అది జడ్జి గారి విచక్షణ.

మూడోది వాయిదాలు. రోజు కూలికి ప్రతి వాయిదా ఒక రోజు కూలీ, బస్సు చార్జీ, ప్లీడరుకి ఇచ్చే ఖర్చులు. నాలుగోది, షరతు తప్పితే ఏమవుతుందో. ఐదోది, తర్వాత మనసు మారితే అప్పీలుకి వెళ్లే దారి ఉందో లేదో.

వీటన్నిటికన్నా ముందు వయసు. ఇక్కడ రెండు గీతలున్నాయి, 18 ఒకటి, 21 ఒకటి. రెంటినీ కొలిచే రోజులు వేరు. పద్దెనిమిదికి నేరం జరిగిన రోజు చూస్తారు. ఇరవై ఒకటికి మాత్రం ట్రయల్ కోర్టు దోషి అని తేల్చి శిక్ష సంగతి చూసే రోజు లెక్కకొస్తుందని సుప్రీంకోర్టు 1963లోనే రాంజీ మిస్సర్ కేసులో చెప్పింది. అంటే 20 ఏళ్ల కుర్రాడి కేసుని వాయిదాల మీద వాయిదాలు లాగితే అతనికున్న ఒక గట్టి రక్షణ దానంతటదే జారిపోతుంది. లాగితే మంచిదే అనుకునే ప్లీడర్లు ఈ లెక్క చూసుకోవాలి.

| దారి | కాగితం మీద మిగిలేది | ఎవరు ఒప్పుకోవాలి | తప్పితే ఏమవుతుంది |
|---|---|---|---|
| ఒప్పుకుని జరిమానా | దోషి | ఎవరూ అక్కర్లేదు | కట్టకపోతే బదులు జైలు |
| రాజీ, లోక్ అదాలత్ | నిర్దోషిగా విడుదల | ఫిర్యాదుదారు, కొన్నిటికి కోర్టు అనుమతి కూడా | రాజీ నమోదయ్యాక తప్పేదేమీ లేదు |
| ప్లీ బార్గెయినింగ్ | దోషి, తగ్గిన శిక్ష | ప్రాసిక్యూటర్, బాధితుడు, కోర్టు | అప్పీలు దాదాపు లేదు |
| ప్రొబేషన్ | దోషి, శిక్ష లేదు | కోర్టు | అసలు నేరానికి శిక్ష వేయొచ్చు |
| సమాజ సేవ | దోషి, సేవే శిక్ష | కోర్టు | చేయకపోతే బదులు జైలు |
| జువైనల్ బోర్డు, 18 లోపు | అనర్హత లేదు, రికార్డు నాశనం | బోర్డు | బోర్డు మరో ఉత్తర్వు ఇవ్వొచ్చు |
| డీ-అడిక్షన్ చికిత్స | ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు | రోగి స్వచ్ఛందంగా ముందుకు రావాలి | చికిత్స మానేస్తే మినహాయింపు పోతుంది |

## ఒప్పుకుని ఫైన్ కట్టడం

తెలంగాణలో పెట్టీ కేసులు, రెండు రాష్ట్రాల్లో డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులు ఎక్కువగా ఇలాగే తెములుతాయి. తాగి నడిపితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్. రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి రెండేళ్లు, 15,000. హైదరాబాద్‌లో పట్టుబడితే గోషామహల్‌లోనో బేగంపేటలోనో ఉన్న ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కి వెళ్లాలి. భార్య పక్కన కూర్చుని యాక్సిడెంట్ వీడియోలు చూడటం చాలామందికి జరిమానా కన్నా ఎక్కువ తగులుతుంది. కానీ ఆ కౌన్సెలింగ్‌తో కేసు పోదు. ఆ తర్వాత కోర్టుకి వెళ్లాల్సిందే.

ఇక్కడ ఒక గందరగోళం. "లోక్ అదాలత్‌లో తేలిపోయింది కాబట్టి రాజీ అయినట్టే" అనుకుంటారు. రాజీ పడాలంటే అవతల దెబ్బతిన్న మనిషి ఒకరుండాలి. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో అవతల ఉన్నది ప్రభుత్వం. ఆ రోజు మీరు చేసింది నేరాన్ని ఒప్పుకోవడమే.

సాక్ష్యం గట్టిగా ఉండి, రాజీకి మనిషి లేని కేసుల్లో, ప్రభుత్వోద్యోగం ఆలోచన లేనివాళ్లకి ఇది తప్పు దారేమీ కాదు. ఆటో నడుపుకునే మనిషి బ్రీత్ ఎనలైజర్ స్లిప్పు మీద ఏడాదిన్నర పోరాడి సాధించేదేమీ ఉండదు.

## రాజీ

కాగితం మీద మిగిలేదాని ప్రకారం పెద్దవాళ్లకి దొరికే దారుల్లో ఇదే మెరుగు. బీఎన్ఎస్ఎస్ 359వ సెక్షన్ రెండు జాబితాలు ఇస్తుంది. మొదటి జాబితాలోని నేరాలను బాధితుడు కోర్టు అనుమతి లేకుండానే రాజీ చేసుకోవచ్చు. మామూలు దెబ్బలు, దారి అడ్డగించడం, బెదిరింపు, అవమానపరచడం, దొంగతనం ఇందులోనే ఉన్నాయి. రెండో జాబితాలోనివాటికి కోర్టు అనుమతి కావాలి. రాజీ నమోదైతే ముద్దాయిని నిర్దోషిగా విడుదల చేసినట్టే అని చట్టమే చెబుతుంది.

రాజీ కోర్టులో రోజువారీ వాయిదాకి కూడా చేసుకోవచ్చు, జాతీయ లోక్ అదాలత్ జరిగే రోజున కూడా చేసుకోవచ్చు. లోక్ అదాలత్ ఇచ్చే అవార్డుకి 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం అప్పీలు లేదు. ఇది ఇద్దరికీ మేలే, ఎందుకంటే మనసు మారి మళ్లీ కెలకడానికి ఉండదు.

కొట్లాట కేసుల్లో ఇరుపక్షాలూ మామూలుగా చేసే పొరపాటు స్టేషన్‌లోనే పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద సంతకాలు పెట్టుకుని "అయిపోయింది" అనుకోవడం. ఎఫ్ఐఆర్ పడ్డాక ఆ కాగితంతో కేసు ముగియదు. ఎస్సై గారికి రాజీ నమోదు చేసే అధికారం లేదు. డబ్బు చేతులు మారుతుంది, ఆర్నెల్లకి చార్జిషీటు కోర్టుకి వస్తుంది, సమన్లు వస్తాయి, అప్పటికి ఫిర్యాదుదారు ఊరు మారిపోయి ఉంటాడు. డబ్బు ఇచ్చేదేదో ఇద్దరూ మేజిస్ట్రేటు ముందు నిలబడ్డ రోజున ఇవ్వండి. ఆధార్ కార్డు ఇద్దరి దగ్గరా ఉండాలి, బెంచి క్లర్కు అడుగుతారు.

రాజీకి పరిమితులున్నాయి. పాత శిక్ష వల్ల ఈసారి ఎక్కువ శిక్షకు గురయ్యే స్థితిలో ఉన్నవారికి రాజీ కుదరదు. జాబితాలో లేని నేరమైతే ఇరుపక్షాలూ కలిసి హైకోర్టుకి వెళ్లి 528వ సెక్షన్ కింద కేసు కొట్టేయమని అడగాలి. వ్యక్తుల మధ్య గొడవలకు ఆ వీలుందని 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ దారికి ఖర్చు ఎక్కువ.

ఇంకో మాట, కాస్త చేదుదే. బక్కవాడి మీద చేయిచేసుకున్న డబ్బున్నవాడికి రాజీ చాలా సులువు. బాధితుడిని ఊళ్లో నలుగురూ చుట్టుముట్టి "పోనీలేరా" అనిపించడం మనకి తెలియనిది కాదు. మీరు బాధితుడి వైపు ఉంటే రాజీ మీ హక్కు తప్ప బాధ్యత కాదు.

## ప్లీ బార్గెయినింగ్

నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకి బేరమాడుకోవడం ఇది. పేరు గొప్పగా ఉంటుంది కానీ చిన్న కేసుల్లో దీని అవసరం తక్కువ. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాలకు వర్తిస్తుంది. మహిళల మీద, పిల్లల మీద చేసిన నేరాలకు వర్తించదు. అభియోగాలు నమోదైన 30 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. బాధితుడు, ప్రాసిక్యూటర్ కూర్చుని పరిహారం సంగతి తేల్చుకుంటారు. మొదటిసారి ముద్దాయికి, కనీస శిక్ష లేని నేరాల్లో, గరిష్ఠ శిక్షలో ఆరో వంతు వేయొచ్చు.

ఆరో వంతు అంటే తేలిగ్గా వినిపిస్తుంది. ఏడేళ్ల దాకా శిక్షపడే మోసం కేసులో ఆరో వంతు అంటే 14 నెలలు. అదే సెక్షన్‌లో ప్రొబేషన్ మీద వదిలే వీలు కూడా ఉంది. కాబట్టి ఈ దారిలో వెళితే బేరం ప్రొబేషన్ మీదే నడవాలి, నెలల మీద కాదు. తీర్పు మీద మామూలు అప్పీలు ఉండదు, రాజ్యాంగం కింద హైకోర్టు, సుప్రీంకోర్టు తలుపులే మిగులుతాయి.

## ప్రొబేషన్

నన్నడిగితే మన కోర్టుల్లో అన్నిటికన్నా తక్కువగా వాడుతున్న మంచి చట్టం 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్ట్. ఇందులో రెండు మెట్లున్నాయి. మూడో సెక్షన్ కింద పాత శిక్షలేవీ లేని మనిషిని, దొంగతనం, మోసం లాంటి కొన్ని నేరాల్లోనూ రెండేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాల్లోనూ, మందలించి పంపేయొచ్చు. నాలుగో సెక్షన్ కింద మరణశిక్ష, యావజ్జీవం లేని ఏ నేరానికైనా మూడేళ్లలోపు గడువుకి సత్ప్రవర్తన బాండు రాయించుకుని వదలొచ్చు. అయిదో సెక్షన్ కింద బాధితుడికి పరిహారం ఇప్పించొచ్చు.

ఆరో సెక్షన్ 21 ఏళ్లలోపువారి కోసం. యావజ్జీవం లేని నేరాల్లో వాళ్లకి జైలుశిక్ష వేయాలంటే జడ్జి గారు ప్రొబేషన్ ఎందుకు కుదరదో కారణాలు రాయాలి. పైన చెప్పిన గట్టి రక్షణ ఇదే. ట్రయల్ కోర్టు మరిచిపోతే అప్పీలు కోర్టు కూడా ఇవ్వొచ్చు.

ఇది ఎక్కడ జారిపోతుందో చూడండి. దోషి అని తేల్చాక జడ్జి గారు "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా" అని అడుగుతారు. ముద్దాయి చేతులు కట్టుకుని "అమ్మానాన్నలు నా మీదే ఆధారపడ్డారండి, తక్కువ శిక్ష వేయండి" అంటాడు. క్లర్కు అదే రాసుకుంటారు. తక్కువ శిక్ష అడిగితే తక్కువ శిక్షే వస్తుంది. ఆ నిమిషంలో ప్లీడరు గారు లేచి ప్రొబేషన్ చట్టం కింద మెమో వేసి, జిల్లా ప్రొబేషన్ ఆఫీసరు నివేదిక తెప్పించమని అడగాలి. ముందురోజే మీరు ఆయనకి గుర్తుచేయండి.

నివేదిక కోసం ప్రొబేషన్ ఆఫీసరు ఇంటికి వస్తారు. ఏం చదివాడు, ఎక్కడ పనిచేస్తున్నాడు, ఎవరితో తిరుగుతాడు, ఇరుగుపొరుగు ఏమంటున్నారు అని కనుక్కుంటారు. ఇల్లు సర్దిపెట్టి టీ ఇవ్వడం కన్నా, ఆ కుర్రాడు చేరిన పనికి సంబంధించిన కాగితమో, కాలేజీ బోనఫైడో చూపించడం ఉపయోగం. పర్యవేక్షణ ఉత్తర్వు వేస్తే అది ఏడాదికి తగ్గదు. షరతు తప్పితే అసలు నేరానికి శిక్ష వేయొచ్చు. మొదటి తప్పుకి 50 రూపాయల దాకా జరిమానాతో సరిపెట్టే వీలూ ఉంది, 1958 నాటి రూపాయి మరి.

మిగిలేదేంటి? దోషి అనే మాట మిగులుతుంది. 12వ సెక్షన్ ప్రకారం ఆ దోషిత్వం వల్ల వచ్చే చట్టపరమైన అనర్హతలు అంటవు. కానీ పనిచేసే శాఖ క్రమశిక్షణ చర్య తీసుకోకుండా ఆ సెక్షన్ అడ్డుకోదని బక్షీరాం కేసులో సుప్రీంకోర్టు 1990లో తేల్చింది. ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారు ప్రొబేషన్‌ని పూర్తి కవచం అనుకోకూడదు.

## సమాజ సేవ

2024 నుంచి కొత్తగా వచ్చిన శిక్ష ఇది. బీఎన్ఎస్‌లో ఆరు నేరాలకే ఉంది. మనకు పనికొచ్చేవి మూడు. మొదటిసారి శిక్షపడేవారు 5,000 రూపాయల లోపు విలువైన దొంగతనం చేసి సొత్తో దాని విలువో తిరిగిచ్చేస్తే సమాజ సేవే శిక్ష. తాగి బహిరంగంగా అల్లరి చేస్తే 24 గంటల సాధారణ జైలు, 1,000 రూపాయల జరిమానాలకు బదులుగా ఇది వేయొచ్చు. మూడోది పరువునష్టం. ఎన్ని గంటలు, ఏ పని అన్నది చట్టం చెప్పలేదు, కోర్టుకే వదిలేసింది. విశాఖలో తాగి బండి నడిపినవాళ్ల చేత కోర్టు బీచ్‌లో చెత్త ఏరించిన సంగతి పేపర్లో చదివే ఉంటారు.

వినడానికి మానవీయంగా ఉంది, జైలుతో పోలిస్తే నిజంగానే ఎంతో నయం. కానీ ఇది శిక్ష. దోషి అని తేలాకే వస్తుంది. రాజీకి అవకాశం ఉన్నచోట దీన్ని ఎంచుకోవడం అనవసరం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కాలేజీ గ్రౌండులో 19 ఏళ్ల కుర్రాడు రూమ్మేట్ దగ్గర 3,500 రూపాయల ఇయర్‌బడ్స్ తీశాడు. విలువ 5,000 లోపే కాబట్టి ఇది నాన్-కాగ్నిజబుల్ నేరం, మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి లేదు, బెయిలబుల్ కూడా. అతను ఒప్పుకుని ఇయర్‌బడ్స్ తిరిగిచ్చేస్తే సమాజ సేవ, దోషి అనే ముద్ర. ప్రొబేషన్ చట్టం మూడో సెక్షన్ కింద మందలింపు దొరికితే సేవ కూడా ఉండదు, ముద్ర మాత్రం ఉంటుంది. రూమ్మేట్ కోర్టుకి వచ్చి రాజీ పడితే నిర్దోషి. అదే కుర్రాడికి ఆ రోజుకి 17 ఏళ్ల 11 నెలలైతే కథ పూర్తిగా వేరు.

## పద్దెనిమిది లోపైతే

2015 జువైనల్ జస్టిస్ చట్టం డైవర్షన్‌ని ఒక సూత్రంగా పేరుపెట్టి మరీ రాసుకుంది. మూడేళ్లలోపు శిక్ష ఉన్నవి చిన్న నేరాలు. చిన్న నేరాల్లోనూ, ఘోరం కిందికి రాని ఇతర నేరాల్లోనూ పిల్లల మీద ఎఫ్ఐఆర్ వేయకూడదు, పెద్దవాళ్లతో కలిసి చేస్తే తప్ప. స్టేషన్‌లో జనరల్ డైరీలో రాసి, కుటుంబ నేపథ్యం నివేదిక తయారుచేసి, మొదటి విచారణకి ముందే జువైనల్ జస్టిస్ బోర్డుకి పంపాలి. పిల్లవాడిని పట్టుకుంటే 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. లాకప్‌లో ఉంచకూడదు. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ.

బోర్డు మందలించి ఇంటికి పంపొచ్చు, కౌన్సెలింగ్‌కి వెళ్లమనొచ్చు, 14 దాటినవారి చేత పార్కు పనో, వృద్ధులకు సాయమో, ట్రాఫిక్ వాలంటీరు పనో చేయించొచ్చు, తల్లిదండ్రులకు జరిమానా వేయొచ్చు, మూడేళ్ల దాకా ప్రొబేషన్ మీద తల్లిదండ్రులకే అప్పగించొచ్చు. చిన్న నేరం విచారణ నాలుగు నెలల్లో, పొడిగిస్తే మరో రెండు నెలల్లో తెమలకపోతే కేసే ముగిసిపోతుంది. అన్నిటికన్నా విలువైనది 24వ సెక్షన్: దోషిగా తేలినా ఏ అనర్హతా అంటదు, అప్పీలు గడువు ముగిశాక రికార్డు నాశనం చేయాలి. 16 దాటి ఘోర నేరంలో పెద్దవారిగా విచారణ ఎదుర్కొన్నవారికి మాత్రం వేరే లెక్క.

తల్లిదండ్రులు చేయాల్సిన పని ఒక్కటే, వెంటనే చేయాలి. పదో తరగతి మెమో పట్టుకుని స్టేషన్‌కి వెళ్లండి. మీసం చూసి "వయసు సుమారు 19" అని రాసేసిన కేసులు కొత్తేం కాదు. స్కూలు పుట్టినతేదీ సర్టిఫికెట్టు గానీ, పదో తరగతి మెమో గానీ, అవి లేకపోతే మున్సిపాలిటీ జనన ధృవీకరణ గానీ ఉండగా ఎముకల పరీక్ష అక్కర్లేదు. ఆ రోజు కుదరకపోయినా పరవాలేదు, మైనరునన్న వాదన ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా లేవనెత్తొచ్చు.

## గంజాయి కేసు అయితే

ఇక్కడ చార్జిషీటులో ఏ సెక్షన్ పడిందన్నదే మొత్తం తేడా. గంజాయి తాగినందుకైతే మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 27వ సెక్షన్, ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 దాకా జరిమానా. దగ్గర ఉంచుకున్నందుకైతే, కిలో లోపు ఉన్నా, 20వ సెక్షన్, ఏడాది దాకా కఠిన కారాగారం. శిక్షల్లో తేడా కొద్దిగానే ఉంది. కానీ 33వ సెక్షన్ ఏమంటుందంటే, 18 దాటినవారికి ఈ చట్టం కింద ప్రొబేషన్ లేదు, 26, 27 సెక్షన్లకు తప్ప. ఒకే పొట్లం, రెండు సెక్షన్లు, ఒకదానికి ప్రొబేషన్ ఉంది, రెండోదానికి లేదు. బెయిలు వచ్చిన సంతోషంలో ఈ సంగతి ఎవరూ చూడరు.

64ఏ సెక్షన్ ఇంకో తలుపు. వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు చేరితే 27వ సెక్షన్‌కీ, తక్కువ పరిమాణం కేసులకీ ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంటుంది. చికిత్స పూర్తిచేయాలి, మధ్యలో పారిపోతే మినహాయింపు పోతుంది. తిరకాసు ఏమిటంటే ఇది అలవాటుకి బానిసైనవాడి కోసం. శనివారం ఫ్రెండ్స్‌తో ఒకసారి పీల్చిన కుర్రాడు తనని వ్యసనపరుడని చెప్పుకోవాలి, డాక్టరు ఒప్పుకోవాలి. ఏజెన్సీ నుంచి బ్యాగుల్లో సరుకు మోసినవాళ్లకి ఈ తలుపు లేదు. చికిత్స కేంద్రాల వివరాలకు జాతీయ హెల్ప్‌లైన్ 14446.

## మీరు ఎవరైతే ఏది

ప్రభుత్వోద్యోగానికి, ముఖ్యంగా పోలీసు ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నవారు రాజీ కోసం చివరిదాకా ప్రయత్నించండి. కుదరకపోతే, సాక్ష్యం బలహీనంగా ఉంటే కేసు నడపండి. ప్రొబేషన్ ఆ తర్వాతి మాట. ఏది జరిగినా ఫారంలో దాచొద్దు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్నతనంలో చేసిన చిల్లర నేరాల విషయంలో యాజమాన్యం ఉదారంగా ఉండొచ్చని అంటూనే, సమాచారం నిజంగా ఇవ్వాల్సిన బాధ్యత అభ్యర్థిదే అని చెప్పింది. చాలామంది ఉద్యోగాలు పోయింది కేసు వల్ల కాదు, "లేదు" అని రాసినందువల్ల.

విదేశాలకు వెళ్లబోయేవారికి లెక్క తిరగబడుతుంది, పైన చెప్పిన మినహాయింపు ఇదే. పాస్‌పోర్టు చట్టం ప్రకారం పెండింగ్ కేసు ఉంటే పాస్‌పోర్టు నిరాకరించొచ్చు, కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. శిక్ష పడినవారికి నిరాకరించాలంటే గత అయిదేళ్లలో నైతిక పతనం ఉన్న నేరంలో రెండేళ్లకు తగ్గని జైలు పడి ఉండాలి. అంటే పాస్‌పోర్టు వరకూ చూస్తే నాలుగేళ్లు నడిచే పెండింగ్ కేసు, చిన్న జరిమానా కన్నా పెద్ద అడ్డంకి. కానీ అమెరికా వీసా డీఎస్-160 ఫారం అరెస్టు అయ్యారా అని కూడా అడుగుతుంది, నిర్దోషి అయినా చెప్పాల్సిందే. వీరికి త్వరగా తెమిలే రాజీ అన్నివిధాలా మేలు. అది లేకపోతే దరఖాస్తుకి ముందే ఇమ్మిగ్రేషన్ తెలిసిన లాయరుని అడగండి.

రోజు కూలీకి, చిన్న వ్యాపారికి కాలమే డబ్బు. ఫిర్యాదుదారు లేని పెట్టీ కేసులో ఒప్పేసుకోవడం తప్పుకాదు. ఫిర్యాదుదారు ఉన్న కేసులో మాత్రం వచ్చే లోక్ అదాలత్ దాకా ఓపిక పట్టడం లాభం.

## అమెరికాలో చదువుకుంటున్న పిల్లలకు

సూపర్ మార్కెట్‌లో బిల్లు చేయకుండా సరుకు తెచ్చి మన తెలుగు విద్యార్థులు పట్టుబడిన వార్తలు అప్పుడప్పుడూ వస్తున్నాయి. అక్కడ డైవర్షన్ ప్రోగ్రాములు విరివిగా ఉన్నాయి, ప్రభుత్వం తరఫున ఇచ్చే లాయరు (పబ్లిక్ డిఫెండరు) కూడా "క్లాసులు చేస్తే కేసు డిస్మిస్" అంటారు. క్రిమినల్ కోర్టు వరకూ అది నిజమే. ఇమ్మిగ్రేషన్ చట్టానికి మాత్రం వేరే నిర్వచనం ఉంది. నేరం ఒప్పుకుని, దానికి ఏదో ఒక శిక్షో ఆంక్షో పడితే చాలు, తర్వాత కోర్టు కేసు కొట్టేసినా అది కన్విక్షనే.

కాబట్టి అక్కడ అడగాల్సిన ప్రశ్న: ప్రోగ్రాంలో చేరడానికి ముందు గిల్టీ అని చెప్పాలా? న్యూజెర్సీ మున్సిపల్ కోర్టుల కండిషనల్ డిస్మిసల్‌కి గిల్టీ ప్లీ కావాలి. టెక్సస్ డిఫర్డ్ అడ్జుడికేషన్‌లోనూ గిల్టీ గానీ, నో కంటెస్ట్ (ఒప్పుకోను, పోరాడను) గానీ చెప్పాలి. కాలిఫోర్నియాలో 2021 నుంచి ఉన్న మిస్‌డెమీనర్ (చిన్న నేరాల) డైవర్షన్‌కి ప్లీ అక్కర్లేదు. దొంగతనాన్ని సాధారణంగా నైతిక పతనం నేరంగా చూస్తారు కాబట్టి ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవారికి ఈ తేడాయే చదువు మిగలడానికీ పోవడానికీ మధ్య గీత. ఒప్పుకుంటే దేశం నుంచి పంపించే ప్రమాదం ఉందా అన్నది చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యతేనని అమెరికా సుప్రీంకోర్టు 2010లో పడిల్లా కేసులో తేల్చింది. సంతకం పెట్టే ముందు ఆ ప్రశ్న నోటితో అడిగి, జవాబు మెయిల్‌లో రాయించుకోండి.

## కేసు తెమిలాక

ఏ దారిలో బయటపడినా వారంలోగా కాపీ అప్లికేషన్ వేసి తీర్పు సర్టిఫైడ్ కాపీలు రెండు తీసుకోండి. ఒకటి పట్టుకుని స్టేషన్‌కి వెళ్లి ఆన్‌లైన్ రికార్డులో కేసు స్థితి మార్పించండి. నిర్దోషిగా బయటపడ్డ కేసు కంప్యూటర్‌లో ఇంకా పెండింగ్ అని ఉండి పాస్‌పోర్టు వెరిఫికేషన్ దగ్గర ఆగిపోయినవాళ్లు ఉన్నారు. ప్లీడరుని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా లాయరుని ఉచితంగా ఇస్తారు. మిగతావారు ఆదాయ ధృవీకరణ పత్రం తీసుకెళ్లాలి.